నిమ్మళం

దగ్గుతున్న మా పాప రొమ్ముకి కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాస్తుంటే ఆ వాసనకి జగ్గయ్యపేటలోని మా నాయనమ్మ గుర్తొచ్చింది. గాలివాన వెలిసినా, ఏడ్చే పిల్ల ఊరుకున్నా "నిమ్మళించింది" అనేది ఆవిడ.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. వారం రోజులు ఆయాసంతో రొప్పిన నాయనమ్మ ఆ మధ్యాహ్నం చప్పుడు లేకుండా పడుకుంది. నందిగామ నుంచి మేనత్త ఫోన్ చేస్తే, అమ్మ పెరట్లో ఉండటంతో నేనే తీశాను.

"అమ్మకెట్టా ఉందే? ఇప్పుడే బస్సెక్కనా?"

"నిమ్మళంగా ఉందత్తా. దగ్గట్లేదు, పడుకుంది."

"హమ్మయ్య! అయితే పొద్దున్నే వస్తాలే."

పొద్దున అత్త వచ్చేసరికి నాయనమ్మని వాకిట్లో పడుకోబెట్టారు. అత్త నన్నెప్పుడూ ఏమీ అనలేదు.

పాప దగ్గు ఆగింది. "నిమ్మళించిందా?" అని అడిగారు మా ఆయన. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాకే అవునన్నాను.