ఒక జత షాకబ్జార్బర్ల కోసం నాయుడుపేట దాకా

మా అన్న మునిరత్నం కారుకు ముందువైపు షాకబ్జార్బర్లు రెండూ పోయాయి. వాటి జత ఎక్కడైనా దొరుకుతుందేమోనని నేను పనిచేసే కోర్టుకు ఒక రోజు సెలవు పెట్టి చిత్తూరు నుంచి తిరుపతికి, అక్కడి నుంచి నాయుడుపేటకు తిరిగాను. పాత స్పోర్ట్స్ సెడాన్ ఇంట్లో పెట్టుకొని నాలాగే తల పట్టుకున్నవాళ్ళు ఉంటే వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. దొరికాయా లేదా అని ముందే అడగకండి.

కారు సంగతి కొంచెం చెప్పాలి. అన్న మామిడికాయల వ్యాపారి. బంగారుపాళ్యం దగ్గర తోట ఉంది. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళు జీపో మినీ వ్యానో కొంటారు. మా అన్న బెంగళూరులో ఎవరో వాడి వదిలించుకున్న ఎర్ర స్పోర్ట్స్ సెడాన్ కొన్నాడు. నేలకు ఆనుకున్నట్టు ఉంటుంది. దాన్ని తోలేటప్పుడు ఆయన ముఖం చూడాలి, పెళ్ళిపీటల మీద కూడా అంత వెలగలేదు. పోనీ మురిపెంగా చూసుకున్నాడా అంటే, కాయల కాలం వస్తే గుజ్జు ఫ్యాక్టరీలకు శాంపిలు చూపించాలని డిక్కీలోనూ వెనక సీట్లోనూ తోతాపురి మామిడి క్రేట్లు కుక్కేవాడు. బరువుకు కారు కుంగేది. ప్రతి స్పీడుబ్రేకరు మీదా దాని పొట్ట గీసుకునేది.

మా వైపు దీనికి అందరూ చేసే వైద్యం ఒకటుంది. స్ప్రింగు చుట్ల మధ్యన లావుపాటి రబ్బరు ముక్కలకు సబ్బునీళ్ళు పూసి దూరుస్తారు. కారు నాలుగు వేళ్ళ ఎత్తు లేస్తుంది, పొట్ట తగలదు. చిత్తూరులో ఎత్తు తక్కువ కారున్నవాళ్ళంతా పెట్టించుకుంటారు. పెట్టించుకోనివాణ్ణి చూసి నవ్వుతారు. అన్న నాలుగు చక్రాలకూ పెట్టించాడు. నలుగురికీ చూపించాడు కూడా.

పోయినేడు కాయల కాలంలో ట్రాక్టరు ట్రాలీ మీది నుంచి జారి పడ్డాడు. నడుము విరిగింది. ఆపరేషన్ అయినా కాళ్ళు స్వాధీనంలోకి రాలేదు. ఇంటికి చక్రాల కుర్చీ వచ్చింది. కారులో తిరగొచ్చు గానీ కుదుపు తగలకూడదని డాక్టరు చెప్పాడు. జీపు ఎత్తు, ఎక్కలేడు. ఆటోలో ఆయన నడుము నిలవదు. అంబులెన్సు పిలుద్దామంటే, "దాంట్లో పోతే ఊరంతా నేను పోయినాననుకుంటారురా" అంటాడు. తన కారు సీటు మాత్రం కుర్చీకి సమానంగా ఉంటుంది, పక్కకు జరిగితే చాలు. ఒకసారి అలాగే కూర్చోబెట్టి నేనే తోలాను. వీధి చివర స్పీడుబ్రేకరు దగ్గర ఆయన అరిచిన అరుపుకు ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. కారు వెనక్కి తిప్పేశాను. ఆ రోజు నుంచి అన్న గడప దాటలేదు. షాకబ్జార్బర్లు దొరికితే తోట చూస్తాడు, దొరక్కపోతే ఆ గదిలోనే ఉంటాడు. నా ప్రయాణం దానికోసం.

ఉదయం ఆరున్నరకు చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కాను. టికెట్టు ధరలు రాయను, మీరు వెళ్ళేసరికి మారిపోతాయి. చీకటితోనే వెళ్తే సీటు దొరుకుతుంది, తర్వాత వెళ్తే కోర్టుకు పోయేవాళ్ళు, గుడికి పోయేవాళ్ళు కలిసి బస్సు నిండిపోతుంది. పాత షాకబ్జార్బరు ఒకటి విప్పించి గోనెసంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. చూపించకపోతే ఎవరూ నమ్మరు.

కార్ల గురించి నాకు తెలిసిందంతా అన్న మంచం మీద పడుకొని చెప్పిందే. చక్రం గుంతలో పడితే ఆ దెబ్బను స్ప్రింగు మింగుతుంది. మింగి ఊరుకోదు, ఎగురుతుంది. ఆ ఎగురుడును అణిచేది నూనె నిండిన ఈ గొట్టం, దీన్నే షాకబ్జార్బరు అంటారు. స్ప్రింగు సందుల్లో రబ్బరు నింపితే స్ప్రింగు కుంగడానికి చోటుండదు, దెబ్బ నేరుగా కూర్చున్నవాడి నడుముకు పోతుంది. పైగా కారు ఎత్తు పెరిగేసరికి గొట్టంలోని రాడ్డు ఎప్పుడూ బయటికి సాగే ఉంటుంది. స్పోర్ట్స్ కారుకు ఆ రాడ్డు మొదలే పొట్టి. ప్రతి గుంతకూ లోపల తగిలి తగిలి, పైన సీలు చిరిగి నూనె కారిపోతుంది. అన్న ఇదంతా పడ్డాక ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. "కాళ్ళున్నప్పుడు దీని జోలికి పోలేదు సూడు" అన్నాడు ఒకరోజు. రబ్బర్లు తీసేశాము. వెనకవైపు షాకబ్జార్బర్లు ఎలాగో సంపాదించాము. ముందువి మాత్రం ఎక్కడా లేవు.

పూతలపట్టు దాటుతుండగా అన్న ఫోను.

"యాడుండావు అబ్బోడా?"

"పూతలపట్టు దాటినాను అన్నా."

"రోడ్డు ఎట్లుండాది?"

బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది. తోటల్లో పూత ఎలా ఉందని అడుగుతాడనుకున్నాను, అడగలేదు. రోడ్డు గురించే రెండుసార్లు అడిగి పెట్టేశాడు.

ఎనిమిదిన్నరకు తిరుపతి. బస్టాండు బయట ఇడ్లీ తిని, కారు కంపెనీవాళ్ళ సర్వీసు సెంటరు తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నాను. లోపల చల్లగా ఉంది. కౌంటరు దగ్గరి అమ్మాయి కారు నంబరు కొట్టి, స్క్రీను చూసి, "ఈ మోడల్ ఆపేసినారు సార్. ఆర్డర్ పెట్టొచ్చు, కానీ వస్తాదని చెప్పలేను" అంది. మర్యాదగా చెప్పింది. నా గోనెసంచిని కాలి పక్కకు జరిపితే తెల్లటి నేల మీద నూనె మరక పడింది. తుడవబోతే వద్దంది.

రేణిగుంట రోడ్డులో విడిభాగాల అంగళ్ళు వరసగా ఉంటాయి. నాలుగు ఎక్కి దిగాను. చివరిదాంట్లో నామం పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన సంచి విప్పమన్నాడు. షాకబ్జార్బరును నేల మీద నిలబెట్టి రాడ్డును అరచేత్తో నొక్కాడు. లోపలికి పోయింది. మంచిదైతే దానంతటదే మెల్లగా పైకి రావాలి. ఇద్దరమూ చూస్తూ నిలబడ్డాము. రాలేదు.

"దీంట్లో పానం లేదు స్వామీ."

"అది తెలిసే వచ్చినాను. వేరేది ఉండాదా?"

"ఈ బండికి లేదు. ఇదే కంపెనీ మామూలు కారుది కొంచెం కోసి బిగించొచ్చు. కానీ అది మెత్తన, మీ స్ప్రింగు గట్టిది. బ్రేకు తొక్కితే ముక్కు నేలకు పెడతాది. కూర్చునేది ఎవురు?"

చెప్పాను. ఆయన షాకబ్జార్బరును తనే గోనెలో చుట్టి ఇచ్చాడు. "అట్లయితే నేను బిగించను. నాయుడుపేట హైవేలో యాక్సిడెంటు బండ్లు పడేసే యార్డు ఉండాది. ఆడ సూడండి. రెండూ ఒకే బండివి తేవాల, ఒకటి కొత్తది ఒకటి పాతది పెడితే కారు ఒక పక్కకు గుంజుతాది" అన్నాడు.

పదకొండున్నరకు నాయుడుపేట బస్సు దొరికింది. నా పక్కన గుండు చేయించుకున్న ఒక ముసలావిడ, కొండ దిగి శ్రీకాళహస్తికి పోతోంది. తలకు గంధం ఇంకా ఆరలేదు. నా ఒళ్ళోని సంచిని చాలాసేపు చూసింది.

"బిడ్డను పెట్టుకున్నట్టు పెట్టుకోనుండావే, ఏందప్పా అది?"

కారు భాగమని, మా అన్నకోసమని చెప్పాను. "నా నడుమూ అంతే. ఈ బస్సు ఎగిరినప్పుడంతా గోవిందా అంటా ఉండా" అంది. తర్వాత సంచి మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. చేతికి నూనె అంటింది. చీరకు తుడుచుకొని, అదేమీ పట్టనట్టు నాకు ఒక లడ్డు ముక్క ఇచ్చింది.

ఏర్పేడు దగ్గర అన్న మళ్ళీ ఫోను చేశాడు. తిరుపతిలో లేవని, నాయుడుపేట పోతున్నానని చెప్పాను. "ఏర్పేడు కాడ రోడ్డు ఎట్లుండాది ఇప్పుడు?" అన్నాడు. పనులు జరుగుతున్నాయన్నాను. "అది అయినాక మనమూ కార్లో పోదాంలే" అన్నాడు. ఆ మాట విన్నాక కిటికీ బయట ఏమున్నదీ నాకు కనిపించలేదు. ముసలావిడ శ్రీకాళహస్తిలో దిగేటప్పుడు చెప్పి దిగిందో లేదో కూడా గుర్తులేదు.

నాయుడుపేటలో దిగేసరికి మధ్యాహ్నం. బస్టాండు ఎదుటి హోటల్లో భోజనం బాగుంటుంది, పప్పుచారు అడిగి వేయించుకోండి. నాకు మాత్రం ఆకులో సగం అన్నం మిగిలిపోయింది. ఆటోలో హైవే పక్క యార్డుకు వెళ్ళాను. ముక్కు నలిగిన కార్లు, తల ఊడిన లారీలు ఎండలో పడి ఉన్నాయి. యార్డు చూసుకునే మస్తాన్ నా చేతిలోని దాన్ని చూసి, "ఆ బండి ఒకటి ఉండాదన్నా, రా" అన్నాడు. అతని వెనక ఎంత వేగంగా నడిచానో ఇప్పుడు తలుచుకుంటే నాకే జాలేస్తుంది.

నిజంగానే అదే కారు. నలుపు రంగు. వెనకనుంచి ఏదో లారీ గుద్దింది, డిక్కీ సీట్లలోకి వచ్చేసింది, ముందు భాగానికి గీత కూడా పడలేదు. మస్తాన్ జాకీ పెట్టి ఎడమ చక్రం విప్పాడు. నేను మోకాళ్ళ మీద కూర్చొని లోపలికి చూశాను. స్ప్రింగు చుట్ల మధ్యన నల్లటి రబ్బరు ముక్కలు ఉన్నాయి. ఒకటి, దాని కింద ఇంకొకటి. గొట్టాన్ని చేత్తో తడిమాను. వేళ్ళు తడిశాయి.

"అవతల పక్క కూడా సూద్దాం" అన్నాను.

అవతల పక్కా అంతే. అక్కడ నూనె దుమ్ముతో కలిసి గట్టిపడి ఉంది, ఎప్పుడో కారిపోయింది.

"ఈ రబ్బర్లు ఎందుకు పెడతారో అన్నా," అన్నాడు మస్తాన్, "ఈ పక్క నుంచి వచ్చే ఎత్తు తక్కువ కార్లన్నిట్లో ఇవే. పొట్ట కాపాడాలని ఎముకలు ఇరగ్గొట్టుకుంటారు."

అతనికి మా అన్న సంగతి తెలియదు. మామూలుగా అన్నాడు. నేను ఆ బండి పక్కనే ఎండలో కూర్చుండిపోయాను. అతను నీళ్ళు తెచ్చిచ్చి, ఇంకో యార్డు ఏదీ ఈ చుట్టుపక్కల లేదని, ఉంటే తనే చెప్పేవాణ్ణని అన్నాడు. నేను తెచ్చిన షాకబ్జార్బరును అక్కడే వదిలేసి వద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. మళ్ళీ చుట్టి చంకన పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తిరుపతికి వచ్చేసరికి పొద్దు వాలింది. చిత్తూరు బస్సుల దగ్గర జనం విరగబడి ఉంటే, ఒక ప్రైవేటు బస్సులో ఆఖరి వరసలో చోటు దొరికింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. కారు కడిగినప్పుడల్లా చక్రం వెనక చెయ్యి పెట్టి చూడండి, తడి తగిలితే ఆ రోజే మార్పించండి. బానెట్టు మూల మీద బరువు వేసి వదిలితే కారు ఒకసారి లేచి నిలబడాలి, ఊగుతూ ఉంటే షాకబ్జార్బరు పోయినట్టే. రబ్బర్లు పెట్టించకండి, పొట్ట గీసుకుంటే గీసుకోనివ్వండి. ఇవన్నీ తెలుసుకోవడానికి ఇంత దూరం పోనక్కరలేదు, మా అన్న మంచం పక్కన కూర్చుంటే చాలు. ఆయనకు మాత్రం అవి ఇక ఎందుకూ పనికిరావు.

పనపాకం దగ్గర ఫోను మోగింది. ఏం చెప్పాలో చంద్రగిరి నుంచి మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను.

"రోడ్డు ఎట్లుండాది అబ్బోడా?" అన్నాడు అన్న.

"నున్నగా ఉండాది అన్నా."

"రోడ్డు నున్నగానే ఉంటాది. నీ గొంతు ఎగురతా ఉండాదే. ఆకరి సీట్లో కూసున్నావా?"

"ఊఁ."

"ఆ బస్సుకు వెనక స్ప్రింగు కట్టలు పోయినాయి. ఎడం పక్క జాస్తి." నా గొంతులోని కుదుపులను వింటున్నాడని అర్థమై ఊపిరి కూడా బిగబట్టాను. "దొరకలేదు కదా?"

ఒళ్ళోని సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"దొరికింటే మధ్యాన్నమే నువ్వే ఫోను చేసింటావులే. సరే, ఇంటికొచ్చేటప్పుడు మార్కెట్టు కాడ ఒక టార్పాలిన్ తీసుకో, కారు మీద కప్పేదానికి. కిందదాకా వచ్చేది తే. మళ్ళీ తీసే పని లేదు కదా."

ఫోను పెట్టేశాడు. బస్సు ఎగిరింది, నా ఒళ్ళోని షాకబ్జార్బరు ఎగిరి పొట్టకు తగిలింది. దాన్ని రెండు చేతులతో పట్టుకొని చిత్తూరు దాకా కూర్చున్నాను. మార్కెట్టులో అంగడి ఇంకా తెరిచే ఉంది. కారుకని చెప్తే అంగడివాడు పెద్ద టార్పాలిన్ ఒకటి తీసి పరిచి, ఎత్తు ఎంతుంటుందని అడిగాడు. రబ్బర్లు తీసేశాక చాలా కిందికి వచ్చిందని, అంత పెద్దది అక్కర్లేదని చెప్పాను.