పక్కింటాయనకు నిద్ర పట్టదట

క్రేన్ నడిపే ఆయన నవ్వితే ముందు మీసం కదులుతుంది, తర్వాతే పెదవి. భార్య పోయాక ఆ మీసమూ కదలడం లేదు, రాత్రి కన్నూ మూతపడడం లేదు. సంగతి పొక్కితే క్రేన్ ఎక్కనివ్వరని ఆయన భయం. దిగులుగా ఉన్నాడని కంపెనీవాళ్ళే డబ్బు కట్టి మనసు డాక్టరమ్మ దగ్గరకు పంపారు. "ఇక్కడి మాట గడప దాటదు బాబాయ్ గారూ," అందావిడ. డబ్బిచ్చేది వాళ్ళయితే ఈవిడ గుట్టు దాస్తుందా అనుకుని, చొక్కా గుండీ తిప్పుతూ అన్నాడు:

"నాకేం తల్లీ, గుండ్రాయిలా ఉన్నా. మా పక్కింటాయనకే, పెళ్ళాం పోయాక నిద్ర పట్టట్లేదు. ఇద్దరికీ టీ కాచి, ఒక గ్లాసు పారబోస్తాడు, పిచ్చిమాలోకం!"

"ఆయన్నీ తీసుకురండి."

"రాడమ్మా. కంపెనీ కుర్చీలో ఆయనకు మాట పెగలదు."

"పోనీ, ఆయన కబుర్లు మీరే చెప్పండి."

పక్కిల్లు ఏళ్ళుగా తాళం వేసి ఉందన్న మాటొక్కటీ మింగేసి, ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.