ఎస్తేరమ్మ రెండో దెబ్బ

పెడనలో కలంకారీ అచ్చులు అద్దే ఎస్తేరమ్మకు ముప్ఫై ఏళ్లుగా ఒకటే పద్ధతి. అచ్చును గుడ్డమీద పెట్టి పిడికిలితో రెండు దెబ్బలు వేయాల్సిందే. ఒక్క దెబ్బతో సరిపెట్టేవాళ్ల పని ఆమె కంటికి ఆనదు.

ఈమధ్య తన షెడ్డు పేరుమీద డొమైన్ కొని, ఆ పేరుతోనే ఈమెయిల్ పెట్టుకుంది. దానికి కావలసిన డీఎన్ఎస్ రికార్డులనే సెట్టింగులు మచిలీపట్నంలో ఉండే తమ్ముడు జీవన్ కుమార్ రాసి పంపితే, తనే కూర్చుని అన్నీ ఎక్కించింది. తీరా చూస్తే ఆమె పంపిన మెయిళ్లన్నీ కొనేవాళ్ల స్పామ్‌లో పడుతున్నాయి.

"నేనేమన్నా దొంగసరుకు అమ్ముతున్నానా," అని ఫోన్లో తమ్ముడిని దులిపేసింది.

జీవన్ తన కంప్యూటర్లో ఆ రికార్డులు తెరిచి చూశాడు. "అక్కా, మన పేరుతో మెయిల్ పంపే అనుమతి ఎవరికుందో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు రెండుసార్లు ఎందుకు పెట్టావు?"

"ఒక్కసారి కొడితే పడుతుందేంట్రా? రెండోసారి అదే తీసుకోనని సైటు మొరాయిస్తే, చివర ఒక గుర్తు మార్చి మరీ ఎక్కించాను."

"అది ఒక్కటే ఉండాలక్కా. రెండుంటే రెండూ చెల్లవు."

ఎస్తేరమ్మ గొణుక్కుంటూ ఒకటి తీసేసింది. గుడ్డ ఆరేదాకా ముట్టుకోవద్దని పనివాళ్లను కసిరే మనిషి, ఆ మార్పు పనిచేసేదాకా గంటసేపు చేతులు కట్టుకుని కూర్చుంది. తర్వాత తమ్ముడికి "అందిందా?" అని మెయిల్ పెట్టింది. ఈసారి అది నేరుగా ఇన్‌బాక్స్‌లోకే వచ్చింది.

అందిందని జీవన్ జవాబు రాస్తుండగానే, అదే మెయిల్ మళ్లీ వచ్చింది.