యుద్ధం అయిపోయిందని చాటినందుకు

మా బాపు జైలుకు పోయింది దొంగతనం చేసి కాదు, ఎవరినీ కొట్టి కాదు. యుద్ధం అయిపోయిందని చెప్పినందుకు. యుద్ధం నిజంగానే అయిపోయింది. ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లలు నాకు మతి తప్పిందనుకుంటారు. నా మతికేం కాలేదు. అప్పుడు మతి తప్పింది ఎవరికో మీరే తేల్చండి.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఊరి సాలెవాడ. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం మేం. బాపు ఆ వాడకు కులపెద్ద. వాడలో ఏదైనా బంద్ చేయాలంటే కులపెద్ద డప్పు కొట్టించి చాటించాలి, మళ్లీ మొదలుపెట్టాలన్నా ఆయనే చాటించాలి. నా చిన్నతనంలో గత్తర, అంటే కలరా, వచ్చినప్పుడు మగ్గాలు ఆపాలని, ఇళ్లు కదలొద్దని చాటించారు. రోగం తగ్గిపోయింది, మంచం పట్టినవాళ్లు లేచి అంబలి తాగుతున్నారు, అయినా రెండో డప్పు మోగేదాకా ఒక్కరూ మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. "ఆపుమన్నోడే మొదలువెట్టుమనాలె" అనేవాడు బాపు. జనం పస్తులు పడకముందే ఆ రెండో డప్పు కొట్టించడం పెద్దమనిషి బాధ్యత అని కూడా అనేవాడు.

చైనా యుద్ధం వచ్చి దేశమంతా ఎమర్జెన్సీ పెట్టినప్పుడు తహసీలు ఆఫీసువాళ్లు కూడా డప్పుతోనే చాటించారు. మీటింగులు పెట్టొద్దు, గుంపులు కట్టొద్దు, పుకార్లు పుట్టించొద్దు. అప్పటికే మాకు నూలు సరిగా రావడం లేదు, చాలా మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. దాని గురించి మీటింగు పెట్టుకోవాలనుకున్నవాళ్లు, దేశానికే కష్టమొస్తే మన కష్టం ఎంతలే అని ఊరుకున్నారు. అవ్వ తన ముక్కుపుల్ల తీసి రక్షణ నిధికి ఇచ్చింది. ఇది గొప్పకు చెప్పడం లేదు. మమ్మల్ని దేశం పట్టనివాళ్లని తర్వాత అన్నారు కాబట్టి చెప్తున్నాను.

ఆ చలికాలంలోనే కాల్పులు ఆగాయని పంచాయతీ రేడియోలో చెప్పారు. పేపర్లోనూ పడింది. నేను లక్సెట్టిపేటలో అత్తగారింటి నుంచి కాన్పుకు వచ్చి పుట్టింట్లోనే ఉన్నాను, బాపుకు చదివి వినిపించింది నేనే. ఆయన ఆఫీసువాళ్ల రెండో డప్పు కోసం ఎదురుచూశాడు. అది రాకపోయేసరికి పోయి అడిగాడు.

"లడాయి ఒడిసిపాయె గద సారూ, జర సాటిస్తరా?"

"పైకెల్లి ఆర్డర్ రాలే. పో."

మళ్లీ పోయాడు, మళ్లీ అదే మాట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అట్లా ఉంది మా పని. ఇంట్లో నూలు లేదు, నూలు లేదని నలుగురూ కూర్చుని చెప్పుకునే దారీ లేదు. సర్కారుకు ఎన్నో పనులుంటాయి, మా ఊరి సంగతి మరిచిపోయినట్టున్నారని బాపు అనుకున్నాడు. ఆయన చేసిన పొరపాటు అదే. బంద్ పెట్టినవాడికి దాన్ని తీసేయాలన్న తొందర కూడా ఉంటుందనే ఆయన నమ్మకం. ఒక పొద్దున తానే డప్పు కొట్టించాడు.

"లడాయి ఒడిసింది. బంద్ ఇడిసింది. రేపు నూలు ముచ్చట మాట్లాడుకునేటందుకు అందరు రావాలె."

మధ్యాహ్నానికల్లా అమీన్ సాబ్ వచ్చాడు. నిజాం పోయి ఏండ్లయినా పోలీసు ఎస్సైని మా వాడలో అట్లానే పిలిచేవాళ్లు. డప్పు కొట్టినతన్ని రెండు తగిలించి వదిలేసి, బాపును జీపెక్కించాడు. యుద్ధకాలంలో పుకారు పుట్టించాడట, దేశరక్షణకు భంగం కలిగించాడట. నూలు మీటింగును ఆపడానికి వచ్చి దేశరక్షణ అనడం, తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టే ఉంది.

చంటిపిల్లను ఎత్తుకుని, అవ్వను వెంటబెట్టుకుని కరీంనగర్‌లో ఒక వకీలు దగ్గరికి పోయాను. ఏడో తరగతి దాకా చదివిన ధైర్యం నాది.

"రాజ్యాంగంల మనకు హక్కులున్నయంటరు గద వకీల్ సాబ్?"

"ఉన్నయమ్మా. ఎమర్జెన్సీ నడిచినన్ని దినాలు వాటి కోసం కోర్టుకు పోరాదు."

"లడాయి అయిపోయింది గద?"

"లడాయి అయిపోయింది. ఎమర్జెన్సీ అయిపోలే."

"గదెప్పుడు అయిపోతది?"

"తెచ్చినోళ్లు తీసేసినప్పుడు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇది మా బాపు మాటే, కానీ సగం మాట. రోగం పోయాక కూడా రెండో డప్పు కొట్టించనివాణ్ని మా వాడలో పెద్దమనిషి అనరు. ఢిల్లీలో అనేటట్టున్నారు. పాపం, ఆ వకీలు చెడ్డవాడు కాదు. తలవంచుకుని, ఒక దారి ఉందన్నాడు. తాను చాటింది అబద్ధమని బాపు రాసిస్తే వదిలిపెట్టవచ్చట.

ఆ కాగితం పట్టుకుని జైలుకు పోయాం. బాపు చిక్కిపోయి దగ్గుతున్నాడు. కాగితంలో ఏముందో చదివి చెప్పాను.

"బయట లడాయి నడుస్తుందా బిడ్డా?"

"లేదు బాపూ."

"మరి నేను సాటింది అబద్ధమెట్లయితది? రేపు మల్ల గత్తరొచ్చి డప్పు కొట్టిస్తే, గీ ముసలోడు అబద్ధాలు సాటిస్తడని ఒక్కలన్న ఇంట్ల ఉంటరా? పిల్లలు సస్తరు."

"నీ మాట నిలవడాలె గని, నువ్వు గీడనే పడి సావాలెనా?" అని అవ్వ ఇనుప చువ్వలు పట్టుకుని అరిచింది. ఆయన మీద నాకూ కోపమే వచ్చింది. సంతకం పెట్టి రావచ్చు కదా అనిపించింది. పెట్టి వస్తే ఆయన మొహం చూడగలనా అని కూడా అనిపించింది. ఎటూ తేల్చుకోలేక ఆ కాగితాన్ని నలిపేశాను.

వానాకాలంలో ఆయన్ని వదిలిపెట్టారు. ఎందుకు వదిలారో ఎవరూ చెప్పలేదు. ఎక్కువసేపు మగ్గం మీద కూర్చునే శక్తి పోయింది, రెండు బారలు నేసి ఆయాసపడేవాడు. ఊళ్లో పెళ్లిళ్లయ్యాయి, నా బిడ్డ నడక నేర్చింది, చైనా మాట ఎత్తేవాళ్లే లేరు. ఎమర్జెన్సీ మాత్రం అట్లానే ఉంది. పేపరు వచ్చినప్పుడల్లా మొదట దాని కోసమే వెతికేదాన్ని. ఎక్కడా ఉండేది కాదు. ఎవరిని తిట్టాలో తెలియక మా ఆయనను తిట్టేదాన్ని.

తర్వాత పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. అప్పుడూ నేను పుట్టింట్లోనే ఉన్నాను. బాపు నూలు చుడుతున్నాడు. వాడలో ఇంకా ఎవరికీ ఏమీ తెలియదు. వాకిట్లో జీపు ఆగితేనే యుద్ధం మొదలైందని మాకు తెలిసింది.

"ఏం చేసిండని తీస్కపోతున్నరు?" అని అడ్డం పోయాను.

"ఇప్పుడేం చేయలేదమ్మా. పోయినసారి చేసిండు గదా" అన్నాడు కొత్తగా వచ్చిన పోలీసు, నెమ్మదిగానే.

బాపు అంగీ తొడుక్కున్నాడు. అవ్వ ఏడవలేదు. ఆయన కండువా మడిచి చేతికిచ్చి, పోలీసు ముందర నిలబడింది.

"తీస్కపోతె తీస్కపో నాయినా. గని లడాయి ఒడిసిందని మాకు చెప్పెటోన్నే నువ్వు తీస్కపోతున్నవ్. గిది ఒడిసినంక మాకెవలు చెప్తరు?"