దుమ్ము గడిలో ‘లేదు’

కొవిడ్‌కు ముందు ఏడాది జూన్‌లో నన్ను ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌గా మార్కాపురం వేశారు. అప్పటికి నా రిటైర్మెంట్‌కు రెండేళ్లుంది. మార్కాపురం అంటే పలకలు. బడిపిల్లల పలకలు తగ్గి, ఇప్పుడు గోడలకూ నేలకూ వేసేవే ఎక్కువ. రాయి మాత్రం అదే. దాన్ని కోసినప్పుడు అందులోని సిలికా కంటికి ఆననంత మెత్తగా గాలిలోకి లేస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడి సిలికోసిస్ వస్తుంది. వస్తే ఇక పోదు.

తనిఖీలో ఒక ఫారం నింపాలి. అందులో ఒక ప్రశ్న, ‘పనిచేసే చోట దుమ్ము ఉందా?’ మొదటి షెడ్డుకు వెళ్లిన రోజు కరెంటు లేదు. యజమాని నేలంతా నీళ్లు చల్లించి ఉంచాడు. కోత మిషన్ మీద ఇరవై ఏళ్లుగా ఉన్న మస్తాన్‌ను అడిగాను. “దుమ్మా? లేదు సార్” అన్నాడు తడుముకోకుండా. మిగతావాళ్లూ అదే చెప్పారు. గడిలో ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాను. ఆగి ఉన్న మిషన్‌ను చూసి ఫారం నింపకూడదని తెలియనివాణ్ని కాదు. తొందర, అంతే.

మస్తాన్‌కు అప్పటికే దగ్గు. టీబీ మందులు ఒక కోర్సు వాడినా తగ్గలేదు. ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మకు అనుమానం వచ్చి, అతను పనిచేసే చోట దుమ్ము సంగతి చెప్పమని మా ఆఫీసుకు ఉత్తరం రాసింది. నేను ఫారం నకలు పంపాను. కఫంలో క్రిమి కనపడకపోయినా, దుమ్ము లేదంటున్నారు కదా అని, టీబీయే తిరగబెట్టిందనుకుని మళ్లీ మందులు మొదలుపెట్టింది. మస్తాన్ మిషన్ దగ్గరే ఉన్నాడు.

అక్టోబరులో అదే షెడ్డుకు, గాలిలో దుమ్ము ఎంతుందో కొలవడానికి వెళ్లాను. నడుముకు చిన్న పంపు, కాలరుకు వడపోత కాగితం. షిఫ్టంతా మనిషి పీల్చే గాలి ఆ కాగితం గుండా పోతుంది. పంపును మస్తాన్‌కే కట్టాను. మిషన్లు ఆడుతున్నాయి. మధ్యాహ్నానికి నా నల్లచెప్పులు బూడిద రంగుకు తిరిగాయి. మస్తాన్ యజమానికి భయపడి అబద్ధం చెప్పాడని నాకు కోపం ముంచుకొచ్చింది.

సాయంత్రం మస్తాన్ నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. “తినండి సార్, పిండి కిందికి దిగుతది.”

“ఏం పిండి?”

“ఏంది సార్ అట్ల అడుగుతారు? రాయి కోస్తే వచ్చేది పిండే గదా.”

“మరి దుమ్ము లేదన్నావే?”

“దుమ్మంటే లారీ పోతే రోడ్డు మీద లేచేది సార్. పిండి ఉందా అని మీరు అడగలేదు గదా.”

బెల్లం చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు నేనే ఆసుపత్రికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. డాక్టరమ్మ ఎక్స్‌రే మళ్లీ చూసి, పరీక్షలు చేయించి, సిలికోసిస్ అని తేల్చింది. చట్టప్రకారం ఆ జబ్బును మా శాఖకు తెలియజేయాలి. ఆ కాగితం నా బల్ల మీదికే వచ్చింది. వడపోత కాగితం మీద ల్యాబు తేల్చిన సిలికా లెక్క కూడా పరిమితి దాటింది. నోటీసు ఇచ్చి రంపం మీద నీటిధార, మిషన్ పైన దుమ్ము లాగే గొట్టం పెట్టించాను. మస్తాన్‌ను బయట ప్యాకింగుకు మార్పించాను. అతని మట్టుకు ఇదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

నా ‘లేదు’ వల్ల నాలుగు నెలలు అదనంగా ఆ పిండి పీల్చావని అతనితో చెప్పాను. “చెప్పింది నేను, రాసింది మీరు. ఇద్దరి తప్పు సార్” అన్నాడు, మళ్లీ బెల్లం తీస్తూ. బెల్లం పొట్టలోకి పోతుంది గానీ ఊపిరిలోకి పోదని డాక్టరమ్మ చెప్పలేదా అన్నాను. “చెప్పింది. ఇప్పుడు తీపికి తింటున్నాలే సార్.” అంత మంచి మనిషిని నా సర్వీసులో ఎక్కువమందిని చూడలేదు.

నేను రిటైరైన రోజు మస్తాన్ మా ఆఫీసుకు వచ్చాడు. ఆఫీసు మేడ మీద. పద్దెనిమిది మెట్లకు రెండుసార్లు ఆగాడు.

నా తర్వాత వచ్చిన ఇన్‌స్పెక్టరుకు ఒక్కటే చెప్పాను: సాయంత్రం వాళ్లు చొక్కా దులిపితే రాలిపడేదాన్ని ఏమంటారో ముందు అడగండి, ఆ మాటతోనే ప్రశ్న వేయండి. ఆఫీసు ఫారంలో అచ్చయిన ‘దుమ్ము’ పక్కన నేను పెన్నుతో ‘పిండి’ అని రాసి ఇచ్చాను.