మావయ్య ఎత్తిపోసుకున్న విస్కీ

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంగ్లీషు మాట్లాడే కుర్రాడికి ఎవరైనా పిల్లనిస్తారనేది ఒకటి. పెద్దవాళ్లు పరీక్ష పెడితే తప్పేది మనమే గానీ వాళ్లు కాదనేది రెండోది. ఒక శనివారం మధ్యాహ్నం, బర్మాలో మా ఊరి శివారు మింగళాడోన్‌లో బట్టల ఫ్యాక్టరీల వెనకాల ఉన్న ఒక రేకుల షెడ్డులో, రెండు నమ్మకాలూ ఒక్క పూటలో పోయాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పూట తలుచుకుంటే నాలో నేనే నవ్వుకుంటాను, పక్కనున్నవాళ్లు ఏమిటని అడిగితే ఏమీ లేదంటాను.

ఆ షెడ్డు ఒక చిన్న విస్కీ డిస్టిలరీ. పెద్ద కంపెనీ ఏమీ కాదు. ఒక రాగి బట్టీ, పాతిక చెక్క పీపాలు, ఒక పిల్లి, అంతే. యజమాని బర్మా ఆయన, విదేశాల్లో పని నేర్చుకుని వచ్చి సొంతంగా మొదలుపెట్టాడు. అందరూ ఆయన్ని కో జీ అనేవారు, అంటే పెద్దన్న అని. శనివారాల్లో పదిమంది సందర్శకుల్ని రానిచ్చి, బట్టీ చూపించి, చివర్లో రుచి చూపించేవాడు. వాళ్లకి బర్మా భాషలోనూ ఇంగ్లీషులోనూ కథ చెప్పడం నా ఉద్యోగం. బార్లీ ఎలా మొలకెత్తుతుంది, ఎలా పులుస్తుంది, ఆవిరై ఎలా పైకి పోతుంది, చుక్కలై ఎలా కిందకి వస్తుంది, పీపాలో ఎన్నేళ్లు నిద్రపోతుంది, ఇవన్నీ చేతులు తిప్పుతూ చెప్పేవాణ్ణి. కో జీ పెట్టిన నియమం ఒక్కటే. కథ చెప్పేవాడు వాసన చూడొచ్చు గానీ చుక్క తాగకూడదు. (అలాగని నన్ను పరమ భాగవతుడని అనుకోకండి. పండగలకీ పబ్బాలకీ స్నేహితుల మధ్య ఒక బీరు గ్లాసు నా దగ్గరికీ వచ్చేది. పనిలో మాత్రం మడి.)

ఆ నెలలోనే మా పిన్ని ఇన్సేన్‌లో ఒక తెలుగువాళ్ల సంబంధం చూసింది. మాది ఊరికి ఇంకో చివరనున్న తాకేటా. పిల్ల తండ్రి రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, గుడి కమిటీలో పెద్ద, నవ్వడం ఎప్పుడో మానేసినట్టుండేవాడు. పెళ్లిచూపుల్లో ఆ అమ్మాయి నాతో మాట్లాడింది ఒక్క మాటే. "మీరు మాటాడినప్పుడల్లా అలా సేతులు తిప్పుతారేటి, ట్రాఫిక్ పోలీసా?" అంది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని నేను అక్కడే, మిక్చరు ప్లేటు ఒళ్లో పెట్టుకుని, తీర్మానించుకున్నాను. మూడో రోజుకి పిన్ని మొహం వేలాడేసుకుని వచ్చింది. "సారా బట్టీలో పనోడికి పిల్లనెలా ఇస్తామని ఆ పిల్ల తల్లి అంటన్నాదిరా. ఆయన నీ పని సూడ్డానికి శనివారం వొస్తాడంట. తాగుబోతుల కొంపనిపిస్తే ఇంక మాట నేదంట" అంది.

శనివారం ఆయన రానే వచ్చాడు. తెల్ల చొక్కా, నీలం లుంగీ, నుదుట కుంకుమ బొట్టు, చేతిలో గొడుగు. ఏమని పిలవాలో నాకు తోచలేదు. బాబాయి అంటే ఆ అమ్మాయి చెల్లెలైపోతుంది, మావయ్య అంటే అప్పుడే అల్లుణ్ణైపోయినట్టుంటుంది. చివరికి మావయ్య అనే అన్నాను, గొంతు తగ్గించి. ఆయన విననట్టు గొడుగు మడిచాడు.

మిగతా సందర్శకులు ఫోటోలు తీసుకుంటుంటే ఆయన తిన్నగా రాగి బట్టీ దగ్గరికి వెళ్లి అరచేత్తో నిమిరాడు. వేలి కణుపుతో తట్టి చెవి పెట్టి విన్నాడు. అతుకులు ఒక్కొక్కటీ చూశాడు. "ఇది ఎవలు సేసినారు?" అన్నాడు. ఇక్కడి కంచరివాడే చేశాడని చెప్పాను. "మంచి పనోడు. ఈ మెడ కాడ అతుకు మాత్రం నానైతే ఇంకోలా ఏద్దును" అన్నాడు. సారా కొంప చూసి ముక్కు మూసుకోవడానికి వచ్చిన మనిషి బాయిలర్ చూసి మెత్తబడ్డాడు. సగం గండం గడిచిందనుకున్నాను. మిగతా సగం పీపాల గదిలో ఉందని నాకేం తెలుసు.

పీపాల దగ్గర కో జీకి ఒక పద్ధతి ఉంది. రాగి గొట్టంతో పీపాలోంచి నేరుగా తీసి, ఒకే ఒక గ్లాసులో పోసి, ముందు గుంపులో పెద్దవాళ్లకి ఇస్తాడు. వాళ్లు నాలుక తడుపుకుని పక్కవాళ్లకి అందించాలి. నీళ్లు కలపని సరుకది, నాలుక తడిస్తేనే చెవులు వేడెక్కుతాయి. ఆ రోజు అందరిలోకీ పెద్ద మా మావయ్యే. కో జీ ఎడమ చెయ్యి కుడి మోచేతికి ఆనించి, వంగి, "ఉ జీ, ముందు మీరు" అని మర్యాదగా అందించాడు. పెదనాన్నగారూ అన్నట్టు. పదిమందీ చూస్తున్నారు. మావయ్య నావైపు తిరిగి తెలుగులో, "ఒద్దంటే బావోదేటి?" అన్నాడు. వాసన చూసి పక్కవాళ్లకి ఇచ్చెయ్యమని చెప్పబోయాను. ఆయన అప్పటికే ఇంకో ఆలోచనలో ఉన్నాడు. "నా ఎంగిలి వీలందరికీ ఎందుకు" అన్నాడు.

అని, తల వెనక్కి వాల్చి, గ్లాసు జానెడు ఎత్తున పట్టుకుని, ఇంట్లో చెంబుతో మంచినీళ్లు తాగినట్టు ఎత్తిపోసుకున్నాడు.

పెదవి తగలకుండా తాగడం మనవాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. కానీ ఆ విద్యలో గుక్కే తప్ప చుక్క లేదు. పదిమందికి సరిపోయేది ఒక్క గొంతులోకి పోయింది. మావయ్య కళ్లు మూసుకున్నాడు. ఊపిరి అందక మాట రాలేదు. కో జీ మాత్రం అది రుచి తెలిసినవాడి మౌనం అనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి మావయ్య కళ్లు తెరిచి, "కౌన్‌దే" అన్నాడు. బావుంది అని. కో జీ మొహం వెలిగిపోయింది.

రెండో పీపాకి కూడా ముందు ఉ జీకే ఇమ్మని గుంపంతా పట్టుబట్టింది. నేను పరిగెత్తుకెళ్లి నీళ్ల సీసా తెచ్చాను. మావయ్య నా చెయ్యి పక్కకి నెట్టి, "నీల్లు కలిపితే కల్తీ కదేటి" అని మళ్లీ ఎత్తిపోసుకున్నాడు. ఈసారి కో జీ గ్లాసు మళ్లీ నింపి ఇస్తే, పక్కనున్న ఇద్దరు విదేశీయులు ఇదే అసలు పద్ధతి కాబోలనుకుని వాళ్లూ ఎత్తిపోసుకున్నారు. ఒకాయనకి ముక్కులోకి పోయింది, ఇంకొకాయనకి చొక్కాలోకి పోయింది. మూడో పీపా తాటిబెల్లం వాసన వేసేది. దాని తర్వాత మావయ్య కో జీ భుజం మీద చెయ్యి వేసి, బట్టీ మెడ అతుకు గురించి పావుగంట పాఠం చెప్పాడు. నాకూ వాళ్లమ్మాయికీ పెళ్లి మాట ఆయనకి గుర్తుందో లేదో నాకు అనుమానం వచ్చింది.

ఇన్సేన్‌కి లోకల్ రైల్లో ఆయన్ని నేనే తీసుకెళ్లాను. ఎదురుగా కూర్చున్న వేరుశనక్కాయలమ్మే ఆవిడకి బర్మా భాషలో, కిటికీకి తెలుగులో, "ఈడు నా అల్లుడు" అని చెప్పాడు. నాకు ఆనందమూ భయమూ ఒకేసారి పట్టుకున్నాయి. దిగే స్టేషను దగ్గరపడేసరికి ఆయన మొహం మారిపోయింది. నా మణికట్టు పట్టుకుని, "ఇరవయ్యేల్లయింది బాబూ, అమ్మోరి కాడ ఒట్టేయించి మానిపించింది మీ అత్త. ఇప్పుడు గుమ్మంలోనే ఉంటాది. ఆ బట్టీయే నన్ను సెడగొట్టిందంటాది. నీ పెల్లి పోతాది, నా పరువు పోతాది. నువ్వేటైనా సెప్పు" అన్నాడు. సరేనన్నాను. చెప్పడం నా ఉద్యోగమే కదా అనుకున్నాను.

ఎండ ఇంకా తగ్గలేదు. ఆవిడ గుమ్మంలోనే ఉంది. వెనకాల, తలుపు చాటున, ఆ అమ్మాయి. విస్కీ వాసన మాకంటే ముందు వెళ్లి ఇంట్లో కూర్చుంది. ఆవిడ నోరు తెరవకముందే నేను తెరిచాను. "అత్తయ్యా, తాగింది నేనండి. మావయ్య ముట్టుకోలేదు. నా చేతిలోది ఆయన చొక్కా మీద ఒలికింది" అన్నాను. అన్న తర్వాత వెలిగింది నాకు. తాగానని అత్తగారితో ఒప్పుకున్న పెళ్లికొడుక్కి పిల్లనెవరిస్తారు. ఆయన్ని కాపాడబోయి నా పీక నేనే కోసుకున్నాను. కాళ్లు వణికాయి, అయినా నిటారుగానే నిలబడ్డాను.

ఆవిడ నన్ను చూసింది. చొక్కా మీద ఒక్క మరకైనా లేకుండా, రెండు చేతులతో గోడని ఆనుకుని ఉన్న భర్తనీ చూసింది.

"తాగినోడివి నువ్వూ, గోడట్టుకున్నోడు ఈయనా?" అంది.

తలుపు చాటు నుంచి నవ్వు వినిపించింది. మావయ్య గోడకే చెప్పుకున్నట్టు, "మంచి రాగి పని" అని గొణిగాడు. ఆవిడ ఆయన్ని లోపలికి నడిపించి పడుకోబెట్టి, నాకు నిమ్మకాయ నీళ్లు తెచ్చి ఎదురుగా కూర్చుంది. ఎందుకలా చెప్పావని అడిగింది. ఆయన పరువు పోతుందని చెప్పాను. మరి నీ పెళ్లి పోదా అంది. అది తర్వాత తోచిందని ఒప్పుకున్నాను. ఆవిడ కూతురికి వినపడేలా గొంతు పెంచింది. "ఇరవయ్యేల్లుగా మీ నాన్న సెప్పిన అబద్దాలు ఇంటన్నానే. ఇంత సేతకాని అబద్దం ఇప్పుడే ఇన్నాను. ఈడు నీకాడ ఏదీ దాయలేడు. సేసుకో" అంది.

చేసుకుంది. పెళ్లైన కొన్నేళ్లకి సందర్శకులు తగ్గి కో జీ షెడ్డు మూతపడింది. నేను హోటలు ఉద్యోగంలోకి మారాను. అక్కడ రోజుకి ముప్పైసార్లు, గది సిద్ధమవుతోంది సార్, ఐదే నిమిషాలు సార్ అని చెప్పి చెప్పి నా నాలుక నున్నగా తేలింది. మొన్న స్నేహితులతో కబుర్లలో పడి ఆలస్యంగా ఇల్లు చేరి, మీటింగు పొడిగించారని మా ఆవిడతో అన్నాను. చేతులు కూడా తిప్పలేదు. తను నమ్మి, అన్నం వడ్డించింది. సంతోషించాల్సింది పోయి నాకు ముద్ద దిగలేదు. మా అమ్మాయికిప్పుడు తొమ్మిదేళ్లు. తను పెద్దయ్యాక, ఆ రోజు ఇన్సేన్ గుమ్మంలో కాళ్లు వణుకుతూ నిలబడ్డ ఆ వెర్రి కుర్రాడు వచ్చి అడిగితే, మారు మాట లేకుండా పిల్లనిచ్చేస్తాను. ఇప్పటి నేనొచ్చి అడిగితే మాత్రం, కాస్త కూర్చోబెట్టి, మా అత్తగారిని పిలుస్తాను.