సరుగుడు కొసల ఎత్తు

సముద్రానికి జాతకం రాయడం మా ఆఫీసు పని. తుఫాను వస్తే ఒడ్డునున్న ఇసుక దిబ్బలు నిలుస్తాయా, కొట్టుకుపోతాయా, వెనకున్న ఊళ్ళలోకి నీళ్ళు ఎంతదూరం వస్తాయి అన్నది ఏలూరులో ఏసీ గదిలో కూర్చుని కంప్యూటర్‌లో తేల్చేవాళ్ళం. మా సారు పెద్ద చదువులు చదివినవాడు. కాలికి ఇసుక అంటితే చిరాకు. క్షేత్ర పరిశీలన అని జీపులో బయల్దేరిన రోజున సగం దారిలో ఉన్న గణపవరం కూడా దాటలేదు. అక్కడ కొరమేను పులుసు బాగుంటుందని ఎవరో చెప్పారట. తిని, త్రేన్చి, వెనక్కి వచ్చేశాం. రిపోర్టులో మాత్రం తీరమంతా కాలినడకన తిరిగినట్టు రాయించాడు. రాసింది నేనే.

మా అక్కను ఇచ్చింది ఆ ఒడ్డునున్న ఊరికే. దిబ్బ వెనకే ఇల్లు, ఇంట్లో కుట్టుమిషను, ఆ మిషను మీదే వాళ్ళ బతుకు. ఆ దిబ్బ నాకు బాగా తెలుసు. నడుమెత్తు ఇసుక, దాని మీద సరుగుడు తోట. ఉపగ్రహం పైనుంచి చూసి చెట్ల కొసల్నే ఇసుక అనుకుంది. మా కంప్యూటర్ మోడల్లో అక్క ఊరి ముందు తాటిచెట్టంత కోటగోడ లేచింది!

"సార్, అది ఇసుక కాదండీ, చెట్లండీ" అన్నాను.

"ఏవండీ, ఉపగ్రహం కంటే మీ కళ్ళు గొప్పవాండీ?" అని నవ్వాడు. గదిలో అందరూ నవ్వారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని కూర్చున్నాను. ఛీ, నాదీ ఒక బతుకే!

మ్యాపులో అక్క ఊరికి ఆకుపచ్చ రంగు పడింది. అంటే భయం లేదు, ఖాళీ చెయ్యక్కర్లేదు. తుఫానుకు ముందురోజు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఏరా, పక్క ఊరికి బస్సులొచ్చాయి, మాకు రాలేదు. మిషను పట్టుకుని వచ్చెయ్యమంటావా?"

ఎదురుగా సారు కూర్చుని ఉన్నాడు. "మ్యాపులో మీ ఊరు పచ్చగానే ఉందక్కా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే సముద్రం ఆ చెట్ల మొదళ్ళ మధ్యనుంచి ఊళ్ళోకి వచ్చేసింది. అక్కా బావా చర్చి డాబా ఎక్కి బతికారు. ఇల్లు లేదు, మిషను లేదు. మా సారు విలేకరులకు చెప్పాడు: "మోడల్ తప్పు కాదండీ, అందులోకి ఎక్కించిన లెక్కలు తప్పండీ." ఎంత శుభ్రంగా చేతులు దులుపుకున్నాడో!

వారం తర్వాత అక్క దగ్గరికి వెళ్ళాను. చర్చి వరండాలో చాప మీద కూర్చుని ఉంది. నేను నోరు తెరిచేలోపే తనే నన్ను ఓదార్చింది. "నువ్వేం చేస్తావురా, కంప్యూటర్ చెప్పిందే చెప్పావు. నీకు తెలిస్తే చెప్పకుండా ఉంటావా?"

"ఉండనక్కా" అన్నాను.